96 రోజుల ఏడాది

ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట పల్లెల్లో వేములవాడ రాజన్నకు మొక్కుకోని ఇల్లు అరుదు. కామారెడ్డి దాటి, సిరిసిల్ల మీదుగా పోయి, ధర్మగుండంలో మునిగి, కోడెను కట్టేసి, రాత్రికి గుడి దగ్గరే నిద్ర చేసి తెల్లారి తిరుగుముఖం పడతారు. వచ్చేటప్పుడు ప్రసాదంతోపాటు అక్కడి ముచ్చట్లూ మూటగట్టుకొస్తారు. పదిహేనేళ్లపాటు ఆ మూటలో తప్పకుండా ఉన్న ముచ్చట ఒకటుంది. ‘‘అక్కడి ఎమ్మెల్యే మన దేశపోడు కాదంటున్నరు గదా! మరి ఓట్లల్ల ఎట్ల నిలబడ్డడు? గెలిచినంక ఎట్ల ఉన్నడు?’’

ఒకసారి కాదు, నాలుగుసార్లు నిలబడ్డారు. నాలుగుసార్లూ గెలిచారు. ఐదోసారి ఎన్నికలొచ్చేదాకా ఆయన భారతీయుడా, జర్మన్ దేశస్థుడా అన్నది తేలనే లేదు. తేలింది 2024 డిసెంబరులో. అప్పటికి ఆయన ఎమ్మెల్యే కానే కాదు.

చెన్నమనేని రమేష్ కథ ఇది. పత్రికల్లో ముక్కలు ముక్కలుగా వచ్చింది కాబట్టి చాలామందికి మొదలు గుర్తుంటే చివర గుర్తుండదు, చివర తెలిస్తే మధ్యలో ఏం జరిగిందో తెలియదు. పైగా దీన్ని ఇద్దరు నాయకుల గొడవగా చూసి వదిలేసినవాళ్లే ఎక్కువ. కొడుకో కూతురో అమెరికాలో, జర్మనీలో స్థిరపడ్డ ఇళ్లవాళ్లు మాత్రం ఈ కథను కాస్త నిదానంగా చదవాలి.

ముందు మనిషి గురించి. చెన్నమనేని వారిది కరీంనగర్ జిల్లాలో పేరున్న కుటుంబం. తండ్రి రాజేశ్వరరావు తెలంగాణ సాయుధ పోరాట కాలం నాటి కమ్యూనిస్టు. సీపీఐ తరఫున సిరిసిల్ల నుంచి పలుమార్లు శాసనసభకు వెళ్లారు, తర్వాత తెలుగుదేశంలో చేరి 2004లోనూ గెలిచారు. ఒక బాబాయి విద్యాసాగరరావు బీజేపీ నాయకుడు. వాజపేయి ప్రభుత్వంలో హోం శాఖ సహాయ మంత్రిగా చేశారు, తర్వాత మహారాష్ట్ర గవర్నరయ్యారు. మరో బాబాయి హనుమంతరావు దేశమెరిగిన ఆర్థికవేత్త, ప్రణాళికా సంఘం సభ్యుడిగా పనిచేశారు. ఒకే ఇంట్లో ఎర్రజెండా, కాషాయ జెండా, ప్రణాళికా సంఘం. ఇలాంటి కుటుంబాలు మన దగ్గర తక్కువే.

రమేష్ ఈ గొడవలకు దూరంగా జర్మనీ వెళ్లి చదువుకున్నారు. అక్కడే విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు, అక్కడే ఇల్లూ సంసారమూ ఏర్పడ్డాయి. 1993లో జర్మన్ పౌరసత్వం తీసుకున్నారు. ఇందులో తప్పుపట్టాల్సింది ఏమీ లేదు. లక్షలమంది మనవాళ్లు చేసిందే ఆయనా చేశారు. కాకపోతే మన చట్టం ఒక విషయంలో చాలా కచ్చితంగా ఉంటుంది. రెండు పడవల మీద కాళ్లు పెట్టనివ్వదు. ఇంకో దేశ పౌరసత్వం ఇష్టపూర్వకంగా తీసుకున్న రోజే భారత పౌరసత్వం దానంతటదే పోతుంది. ఎవరూ రద్దు చేయనక్కర్లేదు, నోటీసు కూడా రానక్కర్లేదు. 1955 నాటి పౌరసత్వ చట్టంలో తొమ్మిదో సెక్షన్ చెప్పేది ఇదే.

పోయినదాన్ని మళ్లీ తెచ్చుకోవచ్చు. దానికీ అదే చట్టంలో దారి ఉంది. ఒకప్పుడు తానో, తల్లిదండ్రుల్లో ఒకరో స్వతంత్ర భారత పౌరులై ఉండి, దరఖాస్తు పెట్టుకునే ముందు వరుసగా ఏడాదిపాటు భారతదేశంలో నివసించినవాళ్లు మళ్లీ పౌరులుగా నమోదు చేసుకోవచ్చు. ఐదో సెక్షన్‌లోని ఆ చిన్న క్లాజు మీదే ఈ మొత్తం కథ నడిచింది. రమేష్ 2008 మార్చి 31న దరఖాస్తు పెట్టారు. ఏడాదిగా ఇక్కడే ఉంటున్నానని చెప్పారు. 2009 ఫిబ్రవరి 3న కేంద్ర హోం శాఖ ఆయనకు పౌరసత్వం ఇచ్చింది. అప్పుడు ఢిల్లీలో ఉన్నది యూపీఏ ప్రభుత్వం. బాబాయి మంత్రిగా ఉన్న కాలం అప్పటికి ఎప్పుడో అయిపోయింది.

పౌరసత్వం చేతికొచ్చిన రెండు మూడు నెలలకే శాసనసభ ఎన్నికలు. నియోజకవర్గాల పునర్విభజనలో వేములవాడ కొత్తగా ఏర్పడింది. తెలుగుదేశం టికెట్ మీద రమేష్ పోటీ చేసి, కాంగ్రెస్ అభ్యర్థి ఆది శ్రీనివాస్ మీద స్వల్ప తేడాతో గెలిచారు. ఓడిపోయిన అభ్యర్థి కోర్టుకు పోవడం మన దగ్గర వింతేం కాదు. ఓట్ల లెక్కింపులో తేడా ఉందనో, డబ్బు పంచారనో వేస్తుంటారు. శ్రీనివాస్ పట్టుకున్న అంశం వేరు. ఈయన ఏడాదిపాటు దేశంలో లేనే లేరు, కాబట్టి పౌరసత్వమే చెల్లదు, పౌరుడు కానివాడు ఓటరు కాడు, ఓటరు కానివాడు ఎమ్మెల్యే కాలేడు అన్నారు. ఇటు హైకోర్టుకూ అటు హోం శాఖకూ ఫిర్యాదు చేశారు.

గొలుసు వాదన అంటే ఇది. మొదటి కొక్కెం ఊడితే మిగతావన్నీ వాటంతటవే ఊడతాయి. ఆ మొదటి కొక్కెం చూడ్డానికి పెద్ద న్యాయశాస్త్రం ఏమీ అవసరం లేదు. పాస్‌పోర్టు తెరిచి, విమానాశ్రయంలో వేసిన ముద్రలు చూసి, ఎప్పుడొచ్చారు, ఎప్పుడు వెళ్లారు అని కూడికలు, తీసివేతలు చేసుకోవాలి. హైస్కూలు పిల్లవాడికి ఇచ్చినా ఒక పూటలో చేసిపెడతాడు. హోం శాఖ విచారణలో చివరికి తేలిన లెక్క కూడా అంతే. దరఖాస్తుకు ముందున్న పన్నెండు నెలల్లో ఆయన ఇండియాలో గడిపింది 96 రోజులు.

ఒక పూట లెక్కకు పదిహేనేళ్లు ఎందుకు పట్టిందో చూడండి.

కేసు నడుస్తుండగానే తెలంగాణ ఉద్యమం ఊపందుకుంది. ఎమ్మెల్యేలు రాజీనామాలిచ్చారు. 2010 జూలైలో పన్నెండు స్థానాలకు ఉప ఎన్నికలు జరిగాయి. మన ఎల్లారెడ్డి కూడా అందులో ఒకటి, ఇక్కడ ఏనుగు రవీందర్‌రెడ్డి గెలిచారు. వేములవాడలో రమేష్ ఈసారి టీఆర్ఎస్ అభ్యర్థి. మళ్లీ గెలిచారు. ఆ రోజుల్లో వాతావరణం గుర్తున్నవాళ్లకు తెలుసు, అది వ్యక్తులను చూసి వేసిన ఓటు కాదు. పాస్‌పోర్టు సంగతి అడిగే మూడ్‌లో జనం లేరు.

2013 ఆగస్టులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆయన ఎన్నిక చెల్లదని తీర్పిచ్చింది. అయిపోయిందనుకున్నారు అందరూ. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లి స్టే తెచ్చుకున్నారు. స్టేతోనే 2014లో పోటీ చేసి మూడోసారి గెలిచారు. 2016 ఆగస్టులో సుప్రీంకోర్టు, పౌరసత్వం సంగతి ముందు కేంద్రమే తేల్చాలని, మూడు నెలల్లో తేల్చాలని చెప్పింది. కేంద్రానికి పట్టింది ఏడాది. 2017 ఆగస్టు 31న హోం శాఖ పౌరసత్వాన్ని రద్దు చేసింది. ఆయన పునఃపరిశీలన కోరారు. డిసెంబరులో అదీ కొట్టేశారు. ఆయన మళ్లీ హైకోర్టుకు వెళ్లారు, మళ్లీ స్టే. 2018లో ఎన్నికలొచ్చాయి, నాలుగోసారి గెలిచారు. ఎదుటి అభ్యర్థి ఎప్పటిలాగే ఆది శ్రీనివాస్.

2019 జూలైలో హైకోర్టు హోం శాఖ ఉత్తర్వును పక్కన పెట్టింది. అదే సంవత్సరం నవంబరు 20న హోం శాఖ రెండోసారి రద్దు చేసింది. రెండు రోజులకు మళ్లీ స్టే వచ్చింది. ఆ తర్వాత ఐదేళ్లు.

ఇదంతా చదువుతుంటే బంతిని అటు ఒకరు ఇటు ఒకరు నిలబడి తన్నుకుంటున్నట్టు అనిపిస్తుంది. కానీ దీనికో కారణం ఉంది, అది తెలియకుండా కోర్టులను తిట్టడం భావ్యం కాదు. పౌరసత్వం ఒకసారి కాగితం మీద ఇచ్చాక, దాన్ని రద్దు చేసే అధికారం చట్టం కేంద్ర ప్రభుత్వానికి అప్పగించింది. అబద్ధం చెప్పి తెచ్చుకున్నాడని తేలినా సరే, ముందు నోటీసివ్వాలి, అడిగితే విచారణ సంఘం వేయాలి, ఆయన మాట వినాలి. అంతటితో అయిపోదు. ఆ మనిషి పౌరుడిగా కొనసాగడం ప్రజాహితానికి మంచిది కాదని ప్రభుత్వం విడిగా తేల్చుకోవాలి. పదో సెక్షన్‌లో ఈ రెండో మెట్టు ఉంది. 2019లో హైకోర్టు పట్టుకున్నది దీన్నే. అబద్ధం చెప్పాడన్నారు సరే, ప్రజాహితం సంగతి చూశారా అని అడిగింది.

రమేష్ వాదన కూడా ఇక్కడే నిలబడింది. అది తీసిపారేయాల్సిన వాదన కాదు. నేను తీవ్రవాదిని కాను, గూఢచారిని కాను, ఈ గడ్డ మీద పుట్టినవాణ్ని. వేములవాడ జనం అన్నీ తెలిసి కూడా నన్ను మళ్లీ మళ్లీ గెలిపించారు. నేను పౌరుడిగా ఉండటం ప్రజాహితానికి ఎలా అడ్డం అన్నది ఆయన వాదన సారాంశం. పౌరసత్వం తీసేయడం మామూలు శిక్ష కాదు. చెట్టును వేళ్లతో పెకిలించడమే. అంత పెద్ద అధికారాన్ని ఢిల్లీలో ఒక అధికారి సంతకానికి వదిలేయకుండా చట్టం రెండు మూడు తాళాలు వేసిందంటే, అది మనలాంటి వాళ్లందరి రక్షణ కోసం కూడా. రేపు ఏ పేదవాడి కాగితాల్లోనో పేరు తేడా వస్తే ఇవే తాళాలు అతణ్ని కాపాడాలి.

కానీ ఓటర్లు గెలిపించారు కాబట్టి సరిపోయిందన్న మాట దగ్గర నేను ఆగిపోతాను. ఓటు ఎంత గొప్పదైనా దానికి చేతకాని పనులు కొన్ని ఉన్నాయి. ఇరవై నాలుగేళ్ల కుర్రాణ్ని లక్ష మెజారిటీతో గెలిపించినా ఇరవై ఐదేళ్లు నిండినవాడు కాడు. రాజ్యాంగంలో 173వ అధికరణం శాసనసభకు పోటీ చేసేవారికి పెట్టిన మొదటి షరతు భారత పౌరుడై ఉండటం. వయసు షరతు కూడా దాని తర్వాతే. అదీగాక వేములవాడ ఓటరుకు ‘అన్నీ తెలుసు’ అనడం ఎంతవరకు నిజం? ఓటరుకు తెలిసింది కేసు ఉందని, స్టే ఉందని, అవతలివాళ్లు ఏదో అంటున్నారని. 96 అనే అంకె 2009లోనే తేలి, కాగితం మీద పెట్టి చూపిస్తే ఓటు ఎలా పడేదో మనం చెప్పలేం. వాళ్లకు ఆ అవకాశమే రాలేదు.

ఇలాంటి చిక్కు మనకొక్కరికే వచ్చిందా? రాలేదు. అమెరికాలో వాళ్ల సెనేట్ పుట్టిన కొత్తల్లోనే వచ్చింది.

ఆల్బర్ట్ గాలటిన్ అని ఒకాయన. స్విట్జర్లాండులోని జెనీవాలో పుట్టి, పంతొమ్మిదేళ్ల వయసులో 1780లో అమెరికా చేరాడు. చదువుకున్నవాడు, లెక్కల్లో దిట్ట. పెన్సిల్వేనియా శాసనసభ 1793లో ఆయన్ని సెనేట్‌కు ఎన్నుకుంది. అమెరికా రాజ్యాంగం ప్రకారం సెనేటర్ కావాలంటే తొమ్మిదేళ్లుగా పౌరుడై ఉండాలి. గాలటిన్ వర్జీనియాలో విధేయతా ప్రమాణం చేసింది 1785లో. ఎటు లెక్కవేసినా ఎనిమిదేళ్లు దాటి కొన్ని నెలలు, తొమ్మిది నిండలేదు. అంతకుముందు నుంచీ ఇక్కడే ఉన్నాను, స్వాతంత్ర్య యుద్ధంలో సాయపడ్డాను అని ఆయన వాదించాడు. 1793 డిసెంబరు 2న సభలో కూర్చున్నాడు. 1794 ఫిబ్రవరి 28న పన్నెండుకు పద్నాలుగు ఓట్ల తేడాతో సెనేట్ ఆయన్ని బయటికి పంపేసింది. మొత్తం మూడు నెలలు కూడా పట్టలేదు.

ఇందులో రాజకీయం లేదని కాదు. అధికారంలో ఉన్నవాళ్లకు గాలటిన్ అంటే గిట్టదు. ఖజానా లెక్కలు చెప్పమని అడిగి చికాకు పెట్టినవాడు. అయినా తొందరగా తేలడంవల్ల ఆయనకే మేలు జరిగింది. ఇంటికెళ్లి, గడువు నిండాక, మరుసటి సంవత్సరమే ప్రతినిధుల సభకు ఎన్నికై వచ్చాడు. 1801లో ఆర్థిక మంత్రయ్యాడు. 1814 దాకా ఆ కుర్చీలోనే ఉన్నాడు. అమెరికా చరిత్రలో ఆ పదవిలో అంతకాలం ఉన్నవాడు మరొకడు లేడు. ఏడాది తక్కువైన మనిషిని ఏడాది ఆగి రమ్మన్నారు, అంతే.

ఈమధ్య కాలంలో ఆస్ట్రేలియాది ఇంకా తమాషా. బార్నబీ జాయిస్ అక్కడ ఉప ప్రధాని. ఆస్ట్రేలియాలోనే పుట్టాడు. కానీ తండ్రి న్యూజిలాండులో పుట్టినవాడు కావడంతో ఈయనకు తెలియకుండానే ఆ దేశ పౌరసత్వం కూడా సంక్రమించింది. 2017 ఆగస్టులో బయటపడింది. ఆయనే పార్లమెంటులో లేచి చెప్పాడు. అక్టోబరు 27న అక్కడి అత్యున్నత న్యాయస్థానం ఆయన ఎన్నిక చెల్లదంది. అదే తీర్పులో మరో నలుగురి పదవులూ పోయాయి. న్యూజిలాండు పౌరసత్వం వదులుకుని డిసెంబరు 2న ఉప ఎన్నికలో నిలబడి జాయిస్ మళ్లీ గెలిచాడు. ఆగస్టులో మొదలైన కథ డిసెంబరుకు ముగిసింది. ఓటరుకు నిజం తెలిసింది, తెలిశాక ఓటేశాడు.

మన చట్టానికి ఆ తొందర తెలియదా అంటే, తెలుసు. ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఎన్నికల పిటిషన్ ఫలితం వచ్చిన 45 రోజుల్లో వేయాలి. ఒక్కరోజు ఆలస్యమైనా కుదరదు. దాని విచారణను ఆరు నెలల్లో ముగించడానికి ప్రయత్నించాలని కూడా అందులోనే రాసి ఉంది. పిటిషనర్ ఆలస్యం చేస్తే తలుపు మూస్తారు. కోర్టుకు మాత్రం ‘ప్రయత్నించాలి’ అన్న మెత్తని మాట!

ఇక మన ఇళ్ల సంగతికొద్దాం. కామారెడ్డి జిల్లాలో గల్ఫ్ వెళ్లని ఊరు వెతికినా దొరకదు. మస్కట్‌లో, దుబాయ్‌లో ఇరవై ఏళ్లు గడిపి తల నెరిసినవాళ్లున్నారు. కంపెనీ సెలవిస్తే రెండేళ్లకోసారి ఇంటికొస్తారు. వచ్చిన రోజులు లెక్కేస్తే ఏ పన్నెండు నెలల్లోనూ 96 కూడా ఉండవు. అయినా వాళ్లు నూటికి నూరుపాళ్లు భారత పౌరులే. ఎందుకంటే గల్ఫ్ దేశాలు వాళ్లకు పౌరసత్వం ఇవ్వవు, వీళ్లు అడగరు. చేతిలో ఉన్నది నీలిరంగు భారత పాస్‌పోర్టు. ఆ ఒక్క పుస్తకమే వాళ్ల ఊరు, ఓటు. 2010లో చేసిన చట్ట సవరణతో పాస్‌పోర్టులోని చిరునామాను బట్టి ఊళ్లో ఓటరుగా నమోదు చేసుకునే హక్కు కూడా వచ్చింది. కాకపోతే ఓటు వేయాలంటే పాస్‌పోర్టు పట్టుకుని స్వయంగా రావాల్సిందే. విమానం టికెట్ పెట్టుకుని ఓటేయడానికి వచ్చే కూలీ ఎవరున్నారన్నది వేరే ప్రశ్న.

అమెరికా, జర్మనీ కథ దీనికి తలకిందులు. అక్కడ పౌరసత్వం దొరుకుతుంది, దొరికిన రోజే ఇక్కడిది పోతుంది. మన ఇళ్లలో చాలామందికి ఇక్కడే పొరపాటు అభిప్రాయం ఉంది. ‘‘మావాడికి ఓసీఐ కార్డుంది, రెండు దేశాల పౌరుడు’’ అని గొప్పగా చెప్పే తల్లిదండ్రులను చూస్తుంటాం. ఆ కార్డు పేరులో పౌరసత్వమనే మాట ఉంది గానీ లోపల లేదు. 2005లో మొదలైన ఈ కార్డు నిజానికి జీవితకాలపు వీసా. ఎన్నిసార్లయినా రావచ్చు, ఎన్నాళ్లయినా ఉండొచ్చు, ఇల్లు కొనుక్కోవచ్చు. ఓటు లేదు. సర్పంచిగా కూడా నిలబడలేడు. సాగుభూమి కొనడానికి వీల్లేదు, తండ్రినుంచి వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. అన్నట్టు సాగుభూమి కొనే విషయంలో విదేశాల్లో ఉంటున్న భారత పాస్‌పోర్టుదారులకూ ఇదే అడ్డంకి. మంజీర కింద రెండెకరాలు కొడుకు పేరున రాయించాలని చూస్తున్నవాళ్లు ముందు వకీలును అడగటం మంచిది.

తిరిగొచ్చి పౌరుడు కావాలనుకునేవాళ్లకు ఏడాది నివాసం షరతు ఇప్పటికీ ఉంది. 2015లో చట్టాన్ని కాస్త సడలించారు. ప్రత్యేక పరిస్థితులుంటే మొత్తంమీద 30 రోజులు మించకుండా మధ్యలో బయటికెళ్లినా కేంద్రం మన్నించవచ్చు. పెళ్లికో చావుకో వెళ్లొచ్చేవాళ్లకు అది చాలు. 96 రోజులు ఉండి 365 అని రాసుకోవడానికి చాలదు.

చట్టం ఎందుకింత పట్టు పట్టాలి అని అడిగేవాళ్లున్నారు. నెల్లూరులో పుట్టిన చివుకుల ఉపేంద్ర న్యూజెర్సీ శాసనసభలో పన్నెండేళ్లు కూర్చున్నారు కదా, హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2023లో మేరీల్యాండ్ లెఫ్టినెంట్ గవర్నరయ్యారు కదా, మరి జర్మనీ నుంచి వచ్చిన మన ఊరి మనిషి మన అసెంబ్లీలో కూర్చుంటే తప్పేంటని. వాళ్లిద్దరూ అక్కడ ఏళ్లతరబడి ఉండి, అక్కడి పౌరులయ్యాకే ఓటడిగారు. ఊరి మనిషి కాదన్నది ఎవరి అభ్యంతరమూ కాదు. ఏడాది ఉండమంటే ఉండి, అప్పుడు అడిగితే రమేష్‌కూ ఎవరూ అడ్డం చెప్పేవారు కాదు. ఆ ఏడాది ఆగితే 2009 ఎన్నికలు దాటిపోయేవి. బహుశా అసలు ఇబ్బంది అదే.

2023లో బీఆర్ఎస్ ఆయనకు టికెట్ ఇవ్వలేదు. క్యాబినెట్ హోదాతో రాష్ట్ర ప్రభుత్వానికి వ్యవసాయ సలహాదారు పదవి ఇచ్చింది. పౌరసత్వాన్ని కేంద్రం రెండుసార్లు రద్దు చేసిన మనిషికి రాష్ట్రం మంత్రి హోదా ఇచ్చిందన్నమాట. ఆ ఎన్నికల్లో వేములవాడలో ఆది శ్రీనివాస్ గెలిచారు. నాలుగు ఓటముల తర్వాత దక్కిన గెలుపు. కోర్టులో కాదు, బ్యాలెట్ పెట్టెలో. అప్పటికీ కోర్టులో ఆయన కేసు అలాగే ఉంది.

2024 డిసెంబరు 9న తెలంగాణ హైకోర్టు రమేష్ పిటిషన్‌ను కొట్టేసింది. ఆయన జర్మన్ పౌరుడేనని, పౌరసత్వం వదులుకున్నట్టు జర్మన్ రాయబార కార్యాలయం నుంచి ఒక్క కాగితం కూడా తేలేకపోయారని, తప్పుడు పత్రాలతో కోర్టును పక్కదారి పట్టించారని జస్టిస్ విజయసేన్‌రెడ్డి తీర్పు చెప్పారు. 30 లక్షల రూపాయలు ఖర్చుల కింద కట్టమన్నారు. అందులో 25 లక్షలు ఆది శ్రీనివాస్‌కు, మిగతా 5 లక్షలు హైకోర్టు న్యాయసేవా సంస్థకు.

పాతిక లక్షలంటే పెద్ద మొత్తమే. కానీ పదిహేనేళ్ల వకీలు ఫీజులు, ఢిల్లీ ప్రయాణాలు, నాలుగు ఎన్నికలు లెక్కేసుకుంటే ఏ మూలకు వస్తుంది? పార్టీ అండ, చేతిలో నాలుగు డబ్బులు, పట్టుదల ఉన్న మనిషి కాబట్టి చివరిదాకా లాగారు. అదే ప్రశ్న ఏ ఉపాధ్యాయుడో, చిన్న రైతో ఓటరుగా అడిగుంటే రెండో వాయిదాకే చాలించుకునేవాడు.

మరి ఇన్నాళ్లు ఆయన అసెంబ్లీలో వేసిన ఓట్ల సంగతేమిటి, పాసైన బిల్లులు చెల్లుతాయా అని చాలామందికి అనుమానం. చెల్లుతాయి. అర్హత లేనివాడు కూర్చున్నాడనో ఓటేశాడనో తర్వాత బయటపడినా సభ కార్యకలాపాలకు ఢోకా లేదని రాజ్యాంగం 189వ అధికరణంలో ముందుచూపుతో రాసిపెట్టారు. లేకపోతే ఒక్క సభ్యుడి పాస్‌పోర్టు వల్ల రాష్ట్రమంతా తలకిందులయ్యేది.

ఆ ముందుచూపుతోనే మరో అధికరణం కూడా రాశారు, 193వది. తనకు అర్హత లేదని తెలిసీ శాసనసభలో కూర్చున్నా, ఓటేసినా జరిమానా వేయాలని అందులో ఉంది. ఎన్ని రోజులు కూర్చుంటే అన్ని రోజులకూ కట్టాలి, ప్రభుత్వానికి బాకీ కింద వసూలు చేయాలి. రోజుకు 500 రూపాయలు. 1950లో అది ఒక గుమాస్తాకు నెలల జీతం. రాజ్యాంగానికి ఇప్పటిదాకా వందకు పైగా సవరణలు జరిగాయి గానీ ఆ 500ను ఎవరూ ముట్టుకోలేదు. ఇప్పుడు వేములవాడలో రాత్రి నిద్రకు గది తీసుకుంటే ఇంచుమించు అంతే అవుతుంది.